లీత్ మైదానంలో ఆట ఎవరిది?

ఎడిన్‌బరోలో ఎండ కాసిందంటే ఇళ్లలో ఎవరూ ఉండరు. మన దగ్గర రోహిణి కార్తెలో వాన పడితే పిల్లలు వీధిలోకి ఎలా పరిగెడతారో, ఇక్కడ పెద్దవాళ్లు కూడా అలాగే పార్కుల మీద పడతారు. ఆన్‌సైట్ మీద వచ్చిన మొదటి వేసవిలో, అలాంటి ఒక ఆదివారం నేనూ ల్యాప్‌టాప్ మూసేసి రూమ్‌మేట్‌తో కలిసి లీత్ లింక్స్ దాకా నడిచాను. లింక్స్ అంటే మనకి వెబ్‌సైట్లే గుర్తొస్తాయి. స్కాట్లాండ్‌లో మాత్రం సముద్రపు ఒడ్డున, ఇసుక నేల మీద గడ్డి పెరిగిన ఎగుడుదిగుడు మైదానాన్ని లింక్స్ అంటారు.

అక్కడ పిల్లలు బంతాట ఆడుతున్నారు. కుక్కలు వాళ్ల మధ్య నుంచే దూసుకుపోతున్నాయి. ఒక పక్కన కంచు విగ్రహం. పాతకాలపు కోటు, చేతిలో కర్ర, బంతిని కొట్టబోతున్న భంగిమ. పేరు జాన్ రాట్రే. వృత్తి సర్జన్. 1744లో గోల్ఫ్ ఆటకి రాతపూర్వకంగా దొరికిన మొట్టమొదటి నిబంధనల కింద సంతకం పెట్టింది ఈయనే. 2019లో ఈ విగ్రహం పెట్టారు.

"మరి ఇక్కడ గోల్ఫ్ ఎవరూ ఆడట్లేదేంట్రా?" అన్నాడు మావాడు.

నిజమే. గోల్ఫ్ రూల్సు పుట్టిన చోట గోల్ఫ్ కోర్సు లేదు. ఎందుకు లేదు అని వెతకడం మొదలుపెడితే, అది ఒక్క గోల్ఫ్ కథ కాదని అర్థమైంది. 18వ శతాబ్దంలో ఈ గడ్డి మీద, దీని పక్కనున్న ఇసుక మీద ఒక ఊరు ఊరంతా ఎలా ఆడుకుందో, ఆ తర్వాత ఆ ఆట ఎవరి చేతుల్లోకి వెళ్లిందో చెప్పే కథ అది.

ఒకే మెట్ల మీద అందరూ

ముందు అప్పటి ఊరు ఎలా ఉండేదో చూద్దాం. పాత ఎడిన్‌బరో కొండ గట్టు మీద ఇరుకుగా కట్టిన ఊరు. పక్కకి పెరగడానికి చోటు లేక పైకి పెరిగింది. ఏడెనిమిది అంతస్తుల రాతి భవనాలు, సందుల మధ్య సందులు. మన అపార్ట్‌మెంట్ లాంటిదే గానీ ఒక తేడా ఉంది. ఒకే మెట్ల దారిలో మధ్య అంతస్తుల్లో జడ్జీ గారు, జమీందారు గారు ఉంటే, పై అంతస్తుల్లో దర్జీ, చెప్పులు కుట్టే ఆయన, అందరికంటే కింద దుకాణాల వాళ్లు ఉండేవాళ్లు. రోజూ మెట్ల మీద ఒకరికొకరు ఎదురుపడాల్సిందే.

కాస్త గాలి కావాలంటే రెండు మైళ్లు కిందికి నడిచి రేవు పట్టణం లీత్‌కి వెళ్లాలి. అక్కడ గడ్డి మైదానం ఉంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే విశాలమైన ఇసుక తీరం ఉంది. ఇంకో సంగతి. స్కాట్లాండ్ చర్చి పండుగల విషయంలో చాలా కఠినం. క్రిస్మస్ అక్కడ 1958 వరకు ప్రభుత్వ సెలవే కాదు. ఆదివారం ఆటలంటే పాపం కిందే లెక్క. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఊరికి దొరికే నాలుగైదు ఆటల రోజులు ఎంత విలువైనవో ఊహించుకోండి.

కుక్క అడ్డొస్తే ఏం చేయాలి?

గోల్ఫ్ అప్పటికే పాత ఆట. 1457లోనే రాజు రెండో జేమ్స్ కాలంలో ఫుట్‌బాల్‌నీ గోల్ఫ్‌నీ నిషేధిస్తూ చట్టం చేశారు. జనం విలువిద్య సాధన మానేసి వీటి వెనక పడుతున్నారని కారణం. చట్టం పోయింది, ఆట మిగిలింది.

1744లో లీత్‌లో గోల్ఫ్ ఆడే పెద్దమనుషులు ఊరి పాలకుల దగ్గరికి వెళ్లి ఒక బహుమతి అడిగారు. విలుకాళ్లకి ఊరి తరఫున వెండి బాణం ఉంది కదా, మాకూ ఏదైనా ఇవ్వండి అని. ఊరు ఒక వెండి గోల్ఫ్ కర్ర ఇచ్చింది. ఏటా గెలిచినవాడు దానికి ఒక వెండి బంతి తగిలించాలి. ఆ ఏడాదికి అతనే గోల్ఫ్ కెప్టెన్. తగాదాలొస్తే తీర్పు చెప్పేది కూడా అతనే. మొదటి ఏడాది గెలిచింది మన విగ్రహం సర్జన్ గారు.

బహుమతి వచ్చాక రూల్సు రాయక తప్పదు. మొత్తం 13 రాశారు. నేను వాటిని మొదటిసారి చదివినప్పుడు మా టీమ్‌లో బగ్ లిస్ట్ గుర్తొచ్చింది. ఒక్కో రూల్ వెనక ఎక్కడో ఒక గొడవ జరిగే ఉంటుంది. బంతి నీళ్లలోనో బురదలోనో పడితే బయటికి తీసి కొట్టొచ్చు, కానీ అవతలి ఆటగాడికి ఒక దెబ్బ కలపాలి. ఎవరైనా మనిషి గానీ, గుర్రం గానీ, కుక్క గానీ బంతిని ఆపేస్తే, అది ఆగిన చోటి నుంచే ఆడాలి. చివరి రూల్ ఇంకా తమాషాగా ఉంటుంది. మైదానం కాపాడటానికి తవ్విన కందకాలు, బడిపిల్లల గుంటలు, సైనికుల హద్దులు, వీటిని అడ్డంకుల కింద లెక్కించకూడదు, బంతిని బయటికి తీసి ఆడుకోవచ్చు అంటుంది.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. గోల్ఫ్ రూల్సులో గుర్రం ఎందుకొచ్చింది? బడిపిల్లలు ఎందుకొచ్చారు? సైనికులు ఎందుకొచ్చారు? ఆ మైదానం గోల్ఫ్ వాళ్ల సొంతం కాదు కాబట్టి. పిల్లలకి వాళ్ల గుంటలున్నాయి. సైనికులకి వాళ్ల హద్దులున్నాయి. గుర్రాలు, కుక్కలు అందరివీ తిరుగుతున్నాయి. పెద్దమనుషులు రాసుకున్న రూల్సే, ఆ నేల అందరిదీ అని మనకి సాక్ష్యం చెబుతున్నాయి.

పోటీ కూడా అప్పుడు తలుపులు తెరిచే ఉంచింది. బ్రిటన్, ఐర్లండ్‌లో ఎక్కడి నుంచైనా గోల్ఫ్ ఆడేవాడెవడైనా పేరు ఇచ్చుకోవచ్చు అన్నారు. అయితే ఖర్చు సంగతి వేరు. అప్పటి బంతి తోలుసంచి లాంటిది. దాని నిండా ఉడకబెట్టిన పక్షి ఈకలు కూరి కుట్టేవాళ్లు. ఒక పనివాడు రోజంతా కూర్చుంటే మూడు నాలుగు బంతులు తయారయ్యేవి. తడిస్తే పాడైపోయేది, గట్టిగా కొడితే పగిలిపోయేది. జేబు నిండుగా ఉన్నవాళ్లకే ఆ సరదా.

సర్జన్ రాట్రే కథ ఇంకాస్త ఉంది. మరుసటి ఏడాదీ ఆయనే గెలిచాడు. అదే 1745లో రాజ్యం కోసం స్టువర్ట్ వంశపు యువరాజు చార్లెస్ తిరుగుబాటు చేశాడు. రాట్రే ఆయన సైన్యానికి వైద్యుడిగా వెళ్లాడు. 1746లో కల్లోడెన్ యుద్ధంలో ఓడిపోయాక పట్టుబడ్డాడు. అది ఉరికంబం దాకా వెళ్లగలిగే నేరం. అతని తరఫున మాట చెప్పి కాపాడింది డంకన్ ఫోర్బ్స్. స్కాట్లాండ్ ప్రధాన న్యాయమూర్తి, ప్రభుత్వ పక్షం మనిషి. ఎందుకు కాపాడాడు? ఇద్దరూ లీత్ మైదానంలో కలిసి గోల్ఫ్ ఆడినవాళ్లు. మైదానంలో స్నేహం యుద్ధంలో పక్షాల కంటే గట్టిగా నిలబడింది.

కర్ర చివర డబ్బు సంచి

గోల్ఫ్ చూడటానికి జనం పోగయ్యేవాళ్లు కాదు. జనం కోసం ఏడాదికోసారి లీత్ గుర్రప్పందేలు ఉండేవి. వేసవిలో ఒక వారం. సముద్రం వెనక్కి తగ్గగానే తడి ఇసుక మీద గుర్రాలు పరుగెత్తేవి. అంటే పందెం ఎప్పుడు మొదలవ్వాలో నిర్ణయించేది అధికారులు కాదు, ఆటుపోట్లు.

ఆ వారమంతా రోజూ పొద్దున్నే ఎడిన్‌బరో కౌన్సిల్ భవనం నుంచి ఒక ఊరేగింపు బయల్దేరేది. ఊరి ఉద్యోగి ఒకాయన యూనిఫాం వేసుకుని, పొడవాటి కర్ర చివర రంగురంగుల రిబ్బన్లు కట్టిన డబ్బు సంచి పట్టుకునేవాడు. అది ఊరు ఇచ్చే బహుమతి. పక్కన ఊరి కాపలా సిపాయిలు, ముందు డప్పు. వెనక పిల్లల గుంపు. సంచి వెంట నడిచి లీత్‌కి వెళ్లడమే పిల్లలకి పండుగ. దారిపొడవునా సందుసందు నుంచీ జనం కలుస్తూ పోయేవాళ్లు. లీత్ దగ్గర పడేసరికి ఆ ఉద్యోగి కనిపించేవాడు కాదు, సిపాయిలు కనిపించేవాళ్లు కాదు. జనసముద్రం మీద తేలుతున్నట్టు కర్ర చివర సంచి ఒక్కటే కనిపించేదట. జాతరలో అమ్మవారి గరగలు తలల మీద తేలుతూ రావడం చూసినవాళ్లకి ఈ దృశ్యం వేరే చెప్పక్కర్లేదు.

తీరం పొడవునా గుడారాలు, సారా అంగళ్లు, తినుబండారాలు, జూదం బల్లలు. లాయరు గారి గుమాస్తా, పనిమనిషి, చేపలమ్మే ఆవిడ, నావికుడు, జమీందారు, అందరూ అదే ఇసుకలో. గుర్రం గెలిచినా ఓడినా చివరికి తాగి కొట్టుకునేవాళ్లు. వాళ్లని అదుపు చేయడానికి వచ్చే ఊరి కాపలా సిపాయిలు ఎక్కువగా ఉత్తరాది కొండ ప్రాంతాల నుంచి వచ్చిన పాత సైనికులు. వాళ్లంటే ఊరివాళ్లకి ఒక పక్క భయం, ఇంకో పక్క వెటకారం.

ఈ సందడిని కవిత్వంలోకి ఎక్కించినవాడు రాబర్ట్ ఫెర్గుసన్. కోర్టు ఆఫీసులో కాగితాలు నకలు రాసే గుమాస్తా. రోజంతా ఎవరో రాసినవి మళ్లీ రాయడమే ఉద్యోగం. (కాపీ పేస్ట్ చేసి బతికే మాలాంటివాళ్లకి ఆయన దగ్గరి చుట్టం.) 1773లో ఎడిన్‌బరోలోని ఒక వారపత్రికలోనే ఆయన ‘లీత్ రేసెస్’ కవిత అచ్చయింది. రాజుల గురించి కాదు, యుద్ధాల గురించి కాదు. పందేల రోజున ఊళ్లో క్షురకుడి దగ్గర రద్దీ, సిపాయిల ముస్తాబు, తాగి తూలేవాళ్ల గురించి, అది కూడా ఊరి జనం మాట్లాడే స్కాట్స్ భాషలో. మరుసటి ఏడాదే, 24 ఏళ్ల వయసులో, పిచ్చాసుపత్రిలో ఆయన చనిపోయాడు. ఆయన్ని గురువుగా భావించిన రాబర్ట్ బర్న్స్ తర్వాత ఎడిన్‌బరో వచ్చినప్పుడు, సమాధి మీద రాయి కూడా లేదని చూసి, సొంత ఖర్చుతో రాయి పెట్టించాడు.

పది పెన్నీల ముందు వరుస

మాది పశ్చిమ గోదావరి. కాబట్టి ఈ భాగం చదువుతున్నప్పుడు నాకు నవ్వాగలేదు. 18వ శతాబ్దం మొదట్లో లీత్ మైదానంలో కోడి పందేల బరి ఉండేది. ముందు వరుసలో కూర్చోవాలంటే 10 పెన్నీలు, రెండో వరుస 7, మూడో వరుస 4. విలియం మాక్రీ అనే కత్తిసాము గురువు కోడి పందేల మీద ఏకంగా పుస్తకమే రాసి 1705లో అచ్చు వేయించాడు. మనకి కుక్కుట శాస్త్రం ఉన్నట్టు వాళ్లకి మాక్రీ గారి పుస్తకం. ఏ రోజు డేగ గెలుస్తుంది, ఏ రోజు కాకి గెలుస్తుంది అని మనవాళ్లు గంటలు గంటలు వాదించుకోవడం చిన్నప్పటి నుంచీ విన్నాను. పిచ్చి ముదిరితే దానికి శాస్త్రం కావాలనిపించడం ఎక్కడైనా ఒకటేనేమో.

పందేలు బరికే పరిమితం కాలేదు. వీధుల్లోకి వచ్చి గొడవలు ఎక్కువై ఎడిన్‌బరో పాలకులు వీధి పందేలని నిషేధించారు. బడుల్లో సంగతి ఇంకా విచిత్రం. భస్మ బుధవారానికి ముందు రోజు మంగళవారం స్కాట్లాండ్‌లో పెద్ద ఆటల రోజు. ఆ రోజు పిల్లలు తమ కోడి పుంజుల్ని బడికి తెచ్చేవాళ్లు. తరగతి గదే బరి. చచ్చిన పుంజులు, పారిపోయిన పుంజులు మాస్టారికి చెందుతాయి. జీతం అంతంతమాత్రంగా ఉండే ఆ మాస్టార్లకి అదొక పై సంపాదన.

శతాబ్దం చివరికి ఇది పెద్దవాళ్ల జూదంగా మారిపోయింది. 1785లో లానార్క్, హాడింగ్టన్ జిల్లాల మధ్య ఎడిన్‌బరోలో పందెం జరిగితే ఎక్కడ పెట్టారో తెలుసా? నాట్యసభల కోసం కడుతున్న అసెంబ్లీ రూమ్స్‌లో, ఇంకా పూర్తికాని వంటగదిలో. జాన్ కే అనే చిత్రకారుడు ఆ దృశ్యాన్ని బొమ్మ గీశాడు. అప్పటి పుస్తక ప్రచురణకర్త విలియం క్రీచ్ ఈ పందేల మీద మండిపడ్డాడు. ఆయనకి నచ్చనివి రెండు. ఒకటి క్రూరత్వం. రెండోది, బరి చుట్టూ పెద్దాచిన్నా తేడా లేకుండా పోతోందని. మొదటిదానికి ఆయన్ని తప్పు పట్టలేం. రక్తం చూసి సరదా పడటం అక్కడైనా, మా భీమవరంలోనైనా సమర్థించుకోదగ్గది కాదు. కానీ రెండో ఫిర్యాదు దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. అందరూ కలిసి నిలబడటం కూడా నేరమేనా?

పెళ్లయినవాళ్లదే గెలుపు

అదే మంగళవారం ఊళ్లల్లో ఫుట్‌బాల్ కూడా. మనం టీవీలో చూసే ఆట కాదు. పదకొండు మంది లేరు, గోల్‌పోస్టు లేదు, రిఫరీ లేడు. ఊరు రెండుగా చీలిపోతుంది, వీధులే మైదానం. సరిహద్దు పట్టణం జెడ్‌బరోలో 1704లో కౌన్సిల్ ఈ ఆటని నిషేధించింది. ముసలివాళ్లకీ కుర్రాళ్లకీ ప్రాణాల మీదికి వస్తోందని. అయినా అక్కడ జనం బంతిని వదల్లేదు. చేత్తో పట్టుకు పరిగెత్తే రూపంలో ఆ ఆట ఈనాటికీ అదే వీధుల్లో సాగుతోంది.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆడవాళ్ల ఆట. ఎడిన్‌బరోకి తూర్పున మసల్‌బరా, దాని పక్కనే ఫిషర్‌రో అనే జాలరి పేట. అక్కడి ఆడవాళ్లు చేపల బుట్ట వీపున వేసుకుని ఐదు మైళ్లు నడిచి ఎడిన్‌బరోలో అమ్మేవాళ్లు. పడవలు ఆలస్యంగా వచ్చిన రోజున ముగ్గురేసి కలిసి, వంద గజాలకోసారి బుట్ట మార్చుకుంటూ, ముప్పావు గంట లోపే ఊరు చేరేవాళ్లు. ఇదంతా రాసిపెట్టింది అక్కడి చర్చి పాస్టర్ అలెగ్జాండర్ కార్లైల్. 1790ల్లో స్కాట్లాండ్‌లోని ప్రతి పారిష్ గురించి అక్కడి పాస్టర్ల చేతనే నివేదికలు రాయించి పుస్తకాలుగా వేశారు. ఆయన రాసిన భాగంలో ఇది ఉంది. సెలవు రోజుల్లో ఆ ఆడవాళ్లు గోల్ఫ్ ఆడేవాళ్లట. ఆ మంగళవారం నాడైతే పెళ్లయిన ఆడవాళ్లకీ పెళ్లికాని అమ్మాయిలకీ ఏటా ఫుట్‌బాల్ పోటీ. ప్రతిసారీ పెళ్లయినవాళ్లే గెలిచేవాళ్లట!

కార్లైల్ గారు కూడా ఆటగాడే. 1758లో లండన్ దగ్గర నటుడు గారిక్ ఇంటి తోటలో, అందరూ చూస్తుండగా, గోల్ఫ్ బంతిని ఒక కమాను దారి గుండా థేమ్స్ నదిలో పడేట్టు కొట్టి చూపించాడు. ఆ దెబ్బ ఎలా కొట్టాడో తన ఆత్మకథలో రాసుకున్నాడు. అదే మనిషి జాలరి ఆడవాళ్ల ఆటకి నివేదికలో ఒకటి రెండు వాక్యాలు కేటాయించాడు. ఆ వాక్యాల్లో జట్లున్నాయి, గెలుపుంది. పేర్లు లేవు.

తలుపులు మూసుకున్న వేళ

1767లో ఎడిన్‌బరోకి ఉత్తరాన న్యూ టౌన్ ప్లాన్ ఖరారైంది. వెడల్పాటి రోడ్లు, వరుసగా ఒకేలాంటి ఇళ్లు. డబ్బున్నవాళ్లు ఒక్కొక్కరే పాత మెట్లు దిగి అక్కడికి వెళ్లిపోయారు. దర్జీ, జడ్జీ ఒకే మెట్ల మీద ఎదురుపడే రోజులు పోయాయి.

ఆటల్లోనూ అదే జరిగింది. అందరూ రావచ్చన్న వెండి కర్ర పోటీని 1764 నాటికే సభ్యులకి మాత్రమే అని మార్చారు. 1768లో లీత్‌లో గోల్ఫ్ వాళ్లకి సొంత భవనం వచ్చింది. మంచు మీద స్కేటింగ్‌కీ ఒక క్లబ్బు పుట్టింది. అందులో చేరాలంటే ఒక్కో కాలి మీద గుండ్రంగా తిరిగి చూపించాలి, మంచు మీద పెట్టిన టోపీల మీదుగా దూకాలి. 1795లో డడింగ్‌స్టన్ చెరువు దగ్గర కర్లింగ్ ఆటకి సొసైటీ వచ్చింది. ప్రతిదానికీ ఒక రిజిస్టరు, ఒక చందా, ఒక విందు.

లీత్ గుర్రప్పందేలు 1816లో మసల్‌బరాకి తరలిపోయాయి. ఆ మరుసటి ఏడాది ఊరి కాపలా దళాన్నీ రద్దు చేశారు. 1836లో గోల్ఫ్ వాళ్లు కూడా రద్దీ పెరిగిన లీత్‌ని వదిలి మసల్‌బరాకే వెళ్లారు, తర్వాత 1891లో ఇంకా తూర్పుకి, మ్యూర్‌ఫీల్డ్‌లోని తమ సొంత మైదానానికి. గుర్రాలు పరుగెత్తిన ఇసుక ఇప్పుడు రేవు కట్టడాల కింద ఉంది.

నేను రూల్సుకి వ్యతిరేకిని కాదు. రాసి పెట్టుకోనిది నిలవదని మా పనిలో రోజూ చూస్తూనే ఉంటాం. రూల్సు రాసుకున్నారు కాబట్టే గోల్ఫ్ ప్రపంచమంతా పాకింది. ఆ 13 రూల్సున్న కాగితం ఇప్పటికీ ఎడిన్‌బరోలోని జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. కానీ రాసుకునే అవకాశం ఎవరికి దొరికింది అన్నది కూడా చూడాలి కదా. చదువు, డబ్బు, తీరిక ఉన్నవాళ్ల ఆటకి చరిత్ర మిగిలింది. మిగతావాళ్ల ఆట ఒక గుమాస్తా కవితలో, ఒక పాస్టరు గారి నివేదికలో, గోల్ఫ్ వాళ్లు చిరాకుతో రాసుకున్న రూల్సులో అడ్డొచ్చిన కుక్కలా, గుర్రంలా, బడిపిల్లల గుంటల్లా మిగిలింది.

మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో, హైదరాబాద్‌లో, పిల్లలు క్రికెట్ ఆడే ఖాళీ స్థలానికి కంచె వేసి మెంబర్‌షిప్ కార్డు పెట్టారు. సామాను శుభ్రంగా ఉంది, లైట్లు ఉన్నాయి. వాచ్‌మన్ కొడుకు మాత్రం కంచె బయట నిలబడి చూస్తుంటాడు. నిరుటి దాకా వాడే ఓపెనింగ్ బ్యాట్స్‌మన్.

ఆ ఆదివారం మేం లేచి వచ్చేస్తుండగా విగ్రహం దగ్గర పిల్లల బంతిని ఎవరిదో నల్ల కుక్క నోట కరుచుకుని కొంత దూరం వెళ్లి వదిలేసింది. మళ్లీ మొదటి నుంచి ఆడాలని ఒకడు, కుదరదని ఇంకొకడు గొడవ. చివరికి కుక్క వదిలిన చోటి నుంచే ఆట మొదలుపెట్టారు. రాట్రే గారి రూలు వాళ్లెవరికీ తెలిసుండదు. మా వాడు "అవుట్ ఇవ్వలేదా?" అని అడుగుతూనే ఉన్నాడు. పేరు ఇవ్వమని, కార్డు చూపించమని మాత్రం అక్కడ ఎవరూ ఎవరినీ అడగలేదు.